గుర్రాల దండెం

చిరంజీవులకు, తాతయ్య ఆశీస్సులు.

మీ ప్రశ్న అందింది. "క్యాంపింగుకి గుర్రాలు తెచ్చుకున్నవాళ్ళు, చుట్టూ అన్ని చెట్లుండగా, రెండు చెట్ల మధ్య తాడు లాగి ఆ తాడుకి గుర్రాల్ని కట్టారు. నేరుగా చెట్టుకే కట్టేయొచ్చు కదా?" అన్నారు. భలే చూశారర్రా! పెద్దవాళ్ళు గుర్రాన్ని చూసి ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, తాడు ఎవరికీ కనపడదు.

ఆ తాడుని అమెరికాలో హైలైన్ అంటారు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే అది దండెం. అమ్మమ్మ పెరట్లో బట్టలారేస్తుందే, అదే. నేను ఈ ఉత్తరమంతా ఆ దండెం పట్టుకునే నడుస్తాను, విసుక్కోకండి.

ముందు చెట్టు సంగతి. గుర్రం బరువు 450, 500 కిలోలు. నాలుగు గిట్టలకీ ఇనప లాడాలు. స్వేచ్ఛగా వదిలేస్తే రోజుకి 16 గంటల దాకా నడుస్తూ, ఆగుతూ, మేస్తూనే ఉంటుంది. అలాంటిదాన్ని ఒకచోట కట్టేస్తే దానికేం తోస్తుంది? ముందుకాలితో నేల గీరడం మొదలుపెడుతుంది. తెల్లారేసరికి చెట్టు మొదట్లో గుంట పడుతుంది, సన్నవేర్లు బయటికొస్తాయి. చెట్టు చుట్టూ తిరిగి తిరిగి మట్టిని తొక్కేస్తే అది బిగుసుకుపోయి నీళ్ళూ గాలీ కిందికి దిగవు. మధ్యలో నోరూరుకోక బెరడు కొరుకుతుంది. కొరకని చోట తాడు ఒరుసుకుని బెరడు లేస్తుంది. ఆకులు తయారుచేసిన ఆహారం వేర్లకి దిగే దారి ఆ బెరడు లోపలి పొరలోనే ఉంది. చుట్టూరా తెగిందంటే వేర్లకి పస్తే. చెట్టు ఆ రాత్రికి రాత్రే చావదు. ఎప్పటికో ఎండుతుంది. అప్పటికి గుర్రమూ ఉండదు, కట్టినవాడూ ఉండడు. అందుకే తప్పు చేసినవాడికి అది తప్పని ఎప్పటికీ తెలియదు.

"మా ఊళ్ళో ఎద్దుల్ని వేపచెట్టుకే కట్టేవాళ్ళు, చెట్టుకేం కాలేదే" అని మీ నాన్న అనొచ్చు, అననీయండి. ఎద్దు మేసినంత మేసి పడుకుని నెమరేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు, దాని పొట్ట కట్టుబాటే వేరు. మా చిన్నప్పుడు జట్కా స్టాండులో గుర్రాల మూతికి ఉలవల సంచి తగిలించేవాళ్ళు. సంచి ఖాళీ అయ్యేదాకా బుద్ధిగా నిలబడేవి, ఆ తర్వాత ముందుకాలు మొదలు. జట్కా సాయిబు "దగ్గరకి రాకండ్రా" అనేవాడు. అదే మాకు పిలుపు, ఇంకో అడుగు దగ్గరకెళ్ళేవాళ్ళం. రాళ్ళు పరిచిన నేల కాబట్టి టకటకమని చప్పుడే తప్ప దానికి నష్టం లేదు. అడవి నేలకి ఆ రాళ్ళు లేవు.

సరే, దండెం దగ్గరికొద్దాం. దండేనికి ముందు రెండు గట్టి ఆధారాలు కావాలి కదా. ఇక్కడ అవి కనీసం 8 అంగుళాల మందం ఉన్న పచ్చని చెట్లు. ఎండినవి పనికిరావు, గుర్రం ఒక్క గుంజు గుంజితే చెట్టే మీదికి రావచ్చు. తాడుని మానుకి చుట్టకూడదు. మానుకి ముందు రెండు మూడు అంగుళాల వెడల్పున్న పట్టీ చుట్టి, ఆ పట్టీ రింగుకి తాడు కట్టాలి. ఈ పట్టీనే ట్రీ సేవర్ అంటారు. తాడు అరంగుళం లావు, 50 అడుగుల పొడవు. ఎత్తు కనీసం 7 అడుగులు, అంటే గుర్రం తలకంటే పైకి.

ఇప్పుడు తడిబట్టలు వేశాక దండెం ఏమవుతుంది? నడుం వంగుతుంది. చీర అంచు మట్టిలో పడుతుంది, అమ్మమ్మ కేక వేస్తుంది. హైలైనుకీ అదే రోగం. నైలాన్ తాడైతే సాగుతుంది, మంచుకి తడిస్తే ఇంకాస్త సాగుతుంది. అందుకని సాగని పాలియెస్టర్ రకం మేలు. లారీవాళ్ళు సరుకు మీద తాడు బిగిస్తారే, ఆ ముడి వేసి బలంకొద్దీ లాగి కట్టాలి. పడుకోబోయే ముందు ఒకసారి చేత్తో లాగి చూసి మళ్ళీ బిగించాలి. సాయంత్రం బిగువుగా ఉంది కదా అని వదిలేసేవాళ్ళే ఎక్కువ. తెల్లవారుజామున చిక్కుపడేది వాళ్ళ గుర్రాలే.

గాలికి బట్టలన్నీ జారి దండెం మధ్యలో కుప్పపడటం చూశారా? గుర్రాలూ అంతే, వదిలేస్తే ఒకదాని మీదికి ఒకటి జారతాయి, తన్నుకుంటాయి. లేదా చివరికి జారి చెట్టు దగ్గరికే చేరతాయి, ఇంత కష్టపడీ లాభం ఉండదు. అందుకే ఏ గుర్రం చోటు దానిదేనని తాడు మీద అక్కడక్కడా ముడులో రింగులో పెట్టి ఖాయం చేస్తారు. రింగు గిరగిరా తిరిగే రకమైతే పగ్గం మెలిపడదు. చివరి గుర్రానికీ చెట్టుకీ మధ్య కనీసం 6 అడుగులు. గుర్రానికీ గుర్రానికీ మధ్య వెనక్కి తిరిగి తన్నినా అందనంత ఎడం. స్నేహమున్నవాటిని పక్కపక్కన, తన్నే అలవాటున్నదాన్ని ఓ కొసకి.

ఇక పగ్గం పొడవు. అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మరీ పొట్టిగా కడితే కింద వేసిన గడ్డి నోటికి అందదు. పాపం మెడ వాల్చి కునుకు తీయడానికీ ఉండదు. మరీ పొడుగైతే ముందుకాలు పగ్గం మీంచి అటు పడుతుంది. కాలు ఇరుక్కోగానే గుర్రం ఆలోచించదు, ముందు గుంజుతుంది. గిట్టపైన చర్మం తాడుకి కోసుకుపోతుంది. మూతి నేలకి అందేంత ఉంటే చాలు, అంతకుమించి ఒక్క జానెడూ వద్దు. కట్టేది లాగితే ఊడిపోయే ముడి. పగ్గం తగిలించేది తలకట్టుకే, కళ్లేనికి మాత్రం ఎప్పుడూ కట్టకూడదు. కళ్లెం ఇనుము నోట్లో ఉంటుంది, బెదిరి గుంజిందంటే నోరు చీరుకుపోతుంది. చొక్కాకి నోరూ లేదు, భయమూ లేదు. మన దండెం కథ ఇక్కడ కాస్త కుంటుతుంది, ఒప్పుకుంటాను. అయినా వదలను.

దండెం ఎక్కడ కట్టాలి? నీటికీ కాలిబాటకీ 200 అడుగుల దూరంలో, పచ్చిక లేని గట్టి రాతినేల మీద. అదీ రాత్రికి మాత్రమే. రెండో రాత్రి ఉంటే చోటు మార్చాలి. కట్టే ముందు తలెత్తి ఆకులు కూడా చూడాలి. తూర్పు అమెరికాలో రెడ్ మేపుల్ చెట్టు అంతటా ఉంటుంది, దాని వాడిన ఆకులు గుర్రం నెత్తుటిని పాడుచేసి ప్రాణం తీస్తాయి. గాలివానకి విరిగిపడిన కొమ్మ ఉన్న చోటు అసలు వద్దు. కాలిఫోర్నియా వైపైతే రోడ్ల పక్కన మన గన్నేరే బారులు తీరి పూస్తుంది. గన్నేరు విషమని మీకు వేరే చెప్పాలా? గుర్రానికి కాసిని ఆకులు చాలు.

అన్ని క్యాంపుగ్రౌండ్లకీ గుర్రాన్ని రానివ్వరు. గుర్రాల కోసమే వేరేగా హార్స్ క్యాంపులున్నాయి. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో బండి వెళ్ళే హార్స్ క్యాంపులు అయిదు: ఆంథొనీ క్రీక్, బిగ్ క్రీక్, కటలూచీ, రౌండ్ బాటమ్, టో స్ట్రింగ్. నార్త్ కరొలైనాలో షార్లట్ వైపు ఉన్న మన పిల్లలకి యువారీ నేషనల్ ఫారెస్టులో కేన్‌బ్రేక్ హార్స్ క్యాంపు దగ్గర. డాలస్ పిల్లలకి డికేటర్ ఊరి పక్కన ఎల్‌బీజే నేషనల్ గ్రాస్‌ల్యాండ్స్ ఉంది, అక్కడ గుర్రపు బాటలున్నాయి. కొయ్య కంచెల దొడ్లు కట్టి ఉన్న క్యాంపులో అయితే దండెంతో పనిలేదు, దొడ్లోనే వదలాలి. ఉన్న సౌకర్యాన్ని వదిలి చెట్ల మీదికి పోవడం ఏం మర్యాద?

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. బయల్దేరే ముందు కాగిన్స్ అనే రక్తపరీక్ష చీటీ ఉండాలి. గుర్రాలకొచ్చే ఒక మందులేని రక్తరోగం ఉంది, దాన్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి మోసేది జోరీగ. నలభై గుర్రాలు ఒకచోట చేరితే జోరీగకి పండగే కదా, అందుకే ఆ చీటీ అడుగుతారు. రాష్ట్రం దాటితే పశువైద్యుడి ఆరోగ్య పత్రం కూడా కావాలి.

ఇప్పుడు తిండి. గుర్రం రోజుకి తన బరువులో నూటికి రెండు పాళ్ళు, అంటే సుమారు 9 కిలోల ఎండుగడ్డి తింటుంది. అడవిలో బోలెడు గడ్డి ఉండగా మోసుకెళ్ళడం దేనికంటారా? అందరి గుర్రాలూ మేస్తే అడవిలో జింకకి ఏం మిగులుతుంది? ఇంకో తిరకాసు కూడా ఉంది. పశ్చిమ రాష్ట్రాల్లో చాలా నేషనల్ ఫారెస్టుల్లో, కలుపు గింజలు లేవని ధ్రువీకరించిన గడ్డే తేవాలి. కలుపు గింజ గుర్రం కడుపులో చావదు, లద్దెతో కలిసి బయటపడి ఎరువుతో సహా మొలుస్తుంది. అందుకని ప్రయాణానికి మూడు నాలుగు రోజుల ముందునుంచే ఆ గడ్డి పెట్టాలి, కడుపులో పాతది ఖాళీ అవ్వాలి. కొత్త గడ్డి ఒక్కసారిగా మార్చినా ప్రమాదమే, పాతదాంట్లో కొంచెం కొంచెం కలిపి అలవాటు చేయాలి. గుర్రం వాంతి చేసుకోలేదు పిల్లలూ. కడుపులో ఏది తేడా చేసినా లోపలే మెలిపెడుతుంది. కడుపునొప్పితో గుర్రాలు చచ్చిపోతాయి, అది మన కడుపునొప్పి అంత తేలిక కాదు.

నీళ్ళు రోజుకి 20 నుంచి 40 లీటర్లు, ఎండ కాస్తే ఇంకా ఎక్కువ. చిత్రమేమిటంటే దాహంతో ఉన్నా కొత్త ఊరి నీళ్ళు వాసన చూసి ముఖం తిప్పేసుకునే గుర్రాలుంటాయి. తెలిసినవాళ్ళు ఇంటి దగ్గరే వారం ముందు బకెట్టులో కాస్త ఆపిల్ రసం కలిపి అలవాటు చేస్తారు. క్యాంపులో అదే రుచి తగిలితే అది ఇంటి నీళ్ళే అనుకుని తాగేస్తుంది. వాగు దగ్గర నీళ్ళు పట్టేటప్పుడు రాళ్ళున్న ఒడ్డు చూసుకోవాలి, మెత్తని ఒడ్డయితే గిట్టలకి విరిగి వాగులో పడుతుంది.

దాణా ఉంటే ఎలుగుబంటి సంగతి మర్చిపోకూడదు. గింజలు మనవైనా గుర్రానివైనా ఎలుగుబంటికి ఒకటే. ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టాలి, లేదా 10 అడుగుల ఎత్తున, మానుకి 4 అడుగులు ఎడంగా వేలాడదీయాలి.

లద్దె గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. ఒక్క గుర్రం రోజుకి 20 కిలోల పైనే వేస్తుంది. క్యాంపుగ్రౌండులో అయితే పారతో ఎత్తి, దానికని కట్టిన తొట్లో వేయాలి. లోపలి అడవిలో అయితే కుప్పని పలచగా చెదరగొట్టాలి. ఎండ తగిలి ఆరిపోతుంది, తడి ఉంటేనే ఈగ గుడ్లు పెట్టేది. గీరిన గుంటలు పూడ్చి, పైన ఆకులు పరిచి, దండెం విప్పాక పట్టీ కింద బెరడుకి గీత పడిందేమో తడిమి చూసుకోవాలి. ఈ పని చేసేటప్పుడు ఎవరూ చూడరు, చేయకపోయినా ఎవరూ పట్టుకోరు. మన గుణం తెలిసేది అలాంటి చోట్లే.

మీరు నడుస్తుంటే ఎదురుగా గుర్రం వస్తే బాట వదిలి పల్లపు వైపుకి దిగి నిలబడండి. బెదిరిన గుర్రం పైకే ఉరుకుతుంది, పైన నిలబడ్డ ఆకారం దానికి పులిలా తోస్తుంది. నోరు మూసుకుని నిలబడకండి, "హలో" అని రౌతుతో మాట్లాడండి. వీపున పెద్ద సంచి వేసుకున్న ఆకారం మాట్లాడితేనే అది మనిషని గుర్రానికి అర్థమవుతుంది. వెనకనుంచి ఎప్పుడూ వెళ్ళొద్దు. దాని కళ్ళు పక్కలకి ఉండటం వల్ల ఇంచుమించు చుట్టూరా కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనకా, మూతి ముందు కొంచెం చోటూ మాత్రం కనపడవు.

రాత్రంతా దండేనికి కట్టేస్తే నిద్ర ఎలా అని తర్వాతి ఉత్తరంలో ఎలాగూ అడుగుతారు. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. వెనకకాలి మోకాలి చిప్పని తొడ ఎముక గట్టుకి కొక్కెంలా తగిలించేసుకుంటుంది. ఇక కండకి శ్రమ లేకుండానే ఆ కాలు బరువు మోస్తుంది. పడుకుని గాఢంగా నిద్రపోయేది రోజుకి గంటలోపే. అదీ పక్కన తోడు గుర్రం మేలుకుని ఉంటేనే చాలావాటికి ధైర్యం. ఇంత బరువుని ఆ చిన్న ఎముక ఎలా ఆపుతుందో బొమ్మ గీసి చెప్పొచ్చు గానీ చెప్పను. ఈసారి హార్స్ క్యాంపుకి వెళ్ళినప్పుడు యజమానిని అడిగి, కాస్త దూరంగా పక్కన నిలబడి దాని వెనకకాళ్ళు చూడండి. ఒకటి నిటారుగా ఉంటుంది, రెండోది గిట్ట కొస మీద వాలి ఉంటుంది. ఎంతసేపటికి కాలు మార్చుకుంటుందో, మార్చేటప్పుడు నడుం ఎటు ఊగుతుందో గమనించి నాకు రాయండి.

మీ తాతయ్య