సీరియళ్ళు, కామెడీ షోల సమీక్ష: అపోహలు - వాస్తవాలు

సినిమా విడుదలైతే మధ్యాహ్నానికల్లా పది సమీక్షలు వచ్చేస్తాయి. ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదీ చూసే సీరియల్ గురించి మాత్రం నాలుగు వాక్యాలు శ్రద్ధగా రాసేవాళ్ళు తక్కువ. రాసిన కొద్దిమందినీ "సీరియల్‌కు కూడా రివ్యూనా?" అని తీసిపారేస్తారు. కర్నూలు, అనంతపురం, కడపల నుంచి టీవీ సీరియళ్ళ మీద, కామెడీ షోల మీద, వెబ్ సిరీస్‌ల మీద రాసేవాళ్ళం మేము. పాఠకులు, కొత్తగా రాయాలనుకునే పిల్లలు తరచూ అనే మాటలను తీసుకుని, వాటిలో నిజమెంతో చెబుతున్నాం.

అపోహ: మొదటి ఎపిసోడ్ చూస్తే సీరియల్ సంగతి తేలిపోతుంది.

వాస్తవం: మొదటి ఎపిసోడ్‌ను చూసి తేల్చగలిగేది నిర్మాత ఎంత ఖర్చు పెట్టాడన్నదే. గుడి, జాతర, డ్రోన్ షాట్లు, యాభై మంది జనం అన్నీ ఆ వారంలోనే కనిపిస్తాయి. ఆ తర్వాత కథ హాలు, మెట్లు, వంటిల్లు దాటి బయటికి పోదు. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే సీరియల్ ఏడాదికి 300 ఎపిసోడ్లు దాటుతుంది కాబట్టి, దాన్ని ఒక్కసారి చూసి తీర్పు చెప్పడం కుదరదు.

మేం మూడు విడతలుగా చూస్తాం. మొదటి వారం ఆరు ఎపిసోడ్లూ వదలకుండా చూస్తాం: ఎవరికి ఏం కావాలి, అడ్డు ఎవరు అన్నది అక్కడే తెలియాలి. మళ్ళీ ఐదో వారమో ఆరో వారమో చూస్తాం. ఆర్భాటం అయిపోయి రోజువారీ నడక మొదలయ్యేది అప్పుడే. మూడో విడత వందో ఎపిసోడ్ దాటాక. మొదటి వారంలో వేసిన ముడి అప్పటికి కాస్తయినా కదిలిందా అని చూడటానికి.

చూసేటప్పుడు పక్కన గడియారం, ఒక కాగితం ఉండాలి. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు. అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలకు, 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారానికి. ఆ లెక్కన అరగంట స్లాట్‌లో టైటిల్స్ పోగా కథకు మిగిలేది 20 నుంచి 22 నిమిషాలు. ఆ 20 నిమిషాలనూ నాలుగు గడులుగా రాసుకోండి: నిన్నటి కథ, కొత్త సంగతి, ముఖాల మీద తిప్పిన షాట్లు, రేపటి ప్రోమో. రెండో గడిలో ఎన్ని నిమిషాలు పడ్డాయో చూస్తే ఆ రోజు ఎపిసోడ్ బరువెంతో తెలుస్తుంది.

మూడో గడి ఎందుకు పెరుగుతుందో తెలిసుండాలి. రోజూ ప్రసారమయ్యే సీరియల్‌కు దాదాపు రోజుకో ఎపిసోడ్ తీయాలి. ముందుగా తీసి పెట్టుకున్న ఎపిసోడ్ల బ్యాంక్ కరిగిపోతే, సీన్ పేపర్ (ఆ రోజు తీయాల్సిన సన్నివేశం, మాటలు రాసిన కాగితం) చిన్నదైనా ఉన్నదాంతోనే స్లాట్ నింపాలి. అప్పుడు ఒకే మాటకు అత్త ముఖం, కోడలి ముఖం, ఆడబిడ్డ ముఖం మూడుసార్లు తిరుగుతాయి. ఒకే గదిలో ఇద్దరే నటులుండటం, ఫోన్ సంభాషణలు ఎక్కువ కావడం, పాత షాట్లతో ఫ్లాష్‌బ్యాక్ రావడం కూడా బ్యాంక్ తగ్గిందనడానికి గుర్తులే. వీటికి మాటల రచయితను తిడితే అన్యాయం. టైటిల్స్‌లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు వేర్వేరు పేర్ల మీద పడతాయి. ఆ పేర్లు చదివి, తప్పు ఎవరి పనిలో ఉందో అక్కడే పట్టుకోవాలి.

ఇంకో పరీక్ష ఉంది, మాకు చాలా ఇష్టమైనది. సీరియల్ అంటే ఒక రహస్యం ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నదే. పాత్రల పేర్లు వరసగా రాసి, రహస్యం తెలిసినవాళ్ళ ఎదురుగా టిక్ పెట్టండి. మంచి రచన అయితే రెండు మూడు వారాలకోసారి ఒక టిక్ పెరుగుతుంది, పెరిగిన ప్రతిసారీ ఇంట్లో బలాబలాలు మారతాయి. చేతకాని రచనలో నిజం చెప్పబోయే మనిషికి ప్రమాదం జరుగుతుంది, లేదా ఫోన్ మోగుతుంది, టిక్‌లు అక్కడే ఉండిపోతాయి. నెల రోజుల పట్టిక పక్కన పెట్టుకుని రాస్తే "సాగదీత" అన్న మాటకు ఆధారం దొరుకుతుంది.

అపోహ: రేటింగ్ బాగా వచ్చిందంటే విమర్శకుడు తప్పు రాసినట్టే.

వాస్తవం: రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. రేటింగులను 2015 నుంచి టీవీ ప్రేక్షకులను లెక్కగట్టే బార్క్ అనే సంస్థ ఇస్తోంది. దేశం మొత్తమ్మీద 50 వేలకు పైగా ఇళ్ళలో మీటర్లుంటాయి. ఛానెల్ శబ్దంలో మన చెవికి వినబడని గుర్తు ఒకటి కలిపి పంపుతారు, మీటర్ దాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్ళు రిమోట్ మీద తమ బటన్ నొక్కాలి. శనివారం నుంచి శుక్రవారం దాకా లెక్కగట్టి గురువారం విడుదల చేస్తారు. ఎంతమంది ఎంతసేపు చూశారన్నది అందులో తెలుస్తుంది. ఎందుకు చూశారో తెలియదు. ముందు స్లాట్‌లో బలమైన సీరియల్ ఉంటే దాని జనం దీనికీ మిగులుతారు, క్రికెట్ ఉంటే తగ్గుతారు. సమీక్షలో రేటింగ్ రాయాలనుకుంటే ఏ వారానిది, ఏ స్లాట్‌ది అన్నది కూడా రాయండి. లేకపోతే అసలు రాయొద్దు.

అపోహ: రీమేక్ అని చెప్పేస్తే సమీక్ష అయిపోయినట్టే.

వాస్తవం: తెలుగులో పెద్ద సీరియళ్ళు చాలావరకు రీమేకులే. 'కార్తీకదీపం' మలయాళం 'కరుత్తముత్తు' నుంచి వచ్చింది. మూలంలో చేసిన ప్రేమీ విశ్వనాథే ఇక్కడ వంటలక్క అయ్యింది. 'ఇంటింటి గృహలక్ష్మి'కి మూలం బెంగాలీ 'శ్రీమొయీ'. హిందీ 'అనుపమా'కు కూడా అదే. ఒకే మూలం ఇన్ని భాషల్లో ఇన్ని రకాలుగా నడిచిందంటే, చూడాల్సింది మార్పులనే. పిలుపులు మనవేనా? మేనరికం, ఆడబిడ్డ లాంఛనాలు మన ఇళ్ళలో ఉన్నట్టే ఉన్నాయా? పండగ తేదీ మన పంచాంగానికి సరిపోతుందా? బెంగాలీ ఇంట్లో సహజంగా ఉన్న సన్నివేశం తెలుగు ఇంట్లో ఎబ్బెట్టుగా ఉంటే, దాన్ని ఎత్తి చూపేవాళ్ళే అవసరం.

అపోహ: హీరోయిన్ డైలాగ్ చెప్పిన తీరును పొగడటం ఎప్పుడూ క్షేమమే.

వాస్తవం: తెలుగు సీరియళ్ళలో చాలామంది నటీమణులు కర్ణాటక, కేరళ నుంచి వచ్చినవాళ్ళు. తెర మీద వాళ్ళుంటారు, గొంతు డబ్బింగ్ కళాకారిణిది ఉంటుంది. పెదాల కదలికను గమనించండి: 'ప', 'బ', 'మ' పలికేటప్పుడు పెదాలు మూసుకోవాలి. మూసుకోకపోతే నటి ఆ మాటను తెలుగులో అనలేదన్నమాట. అప్పుడు కళ్ళు, నడక, చేతులు నటి ఖాతాలో వేయాలి. గొంతును వేరుగా మెచ్చుకోవాలి. గొంతు మనిషికి పేరు రావడం అన్నిటికన్నా అరుదు, అందుకే అది మరీ ముఖ్యం.

అపోహ: కామెడీకి కొలత లేదు. నవ్వొస్తే బాగున్నట్టు, రాకపోతే లేనట్టు.

వాస్తవం: నవ్వు ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పొచ్చు. 'జబర్దస్త్' 2013లో మొదలైనప్పటి నుంచి స్కిట్ షోలలో జడ్జీల నవ్వు ఒక భాగమైపోయింది. ప్రతి పంచ్ తర్వాత వాళ్ళ ముఖాలకు కట్ చేస్తారు. అందుకే స్కిట్‌ను రెండుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా. రెండోసారి జడ్జీల షాట్లు వచ్చినప్పుడల్లా శబ్దం తగ్గించి, ఒక్కో జోక్‌ను ఒక్కో వరసలో రాసుకోవాలి: దెబ్బ ఎవరి మీద, దేని మీద? పొట్టితనం, లావు, రంగు, ఆడవేషం మీద పడినవి ఎన్ని, పాత్ర బుద్ధి మీద పడినవి ఎన్ని అన్నది కాగితమే చెబుతుంది. మా దృష్టిలో మొదటి రకం ఎక్కువైన స్కిట్ బద్ధకంగా రాసినట్టే. ఎందుకంటే ఆ జోకులు ఏ మనిషికైనా అతుకుతాయి, కథతో పని లేదు.

ఇక్కడే 2001లో జెమినీలో మొదలైన కామెడీ సీరియల్ 'అమృతం' గుర్తుకు రావాలి. అమృతం పాత్రను వేర్వేరు కాలాల్లో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ చేశారు. నటుడు మారినా జనం వదలకుండా చూశారు, ఎందుకంటే నవ్వు అమృతం, అంజి అనే ఇద్దరు స్నేహితుల ఆశలోంచి, ఆ ఆశ బెడిసికొట్టే తీరులోంచి పుట్టింది. కామెడీ సిరీస్ కొత్తది ఏది వచ్చినా మేం అడిగేది ఒకటే: ఈ జోక్ ఈ పాత్ర నోట కాకుండా పక్క పాత్ర నోట పెట్టినా అంతే నవ్విస్తుందా? నవ్విస్తే పాత్రలు ఇంకా తయారు కానట్టు.

అపోహ: సీమ కథ అంటే "అబ్బీ", "అప్పా" తగిలించి, నాలుగు సుమోలు తిప్పితే చాలు.

వాస్తవం: ఇది మాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న విషయం. యాస పిలుపులో కన్నా క్రియలో ఎక్కువ కనిపిస్తుంది. మన వైపు "వచ్చాను" కాదు "వచ్చినా", "చెప్పాడు" కాదు "చెప్పినాడు", "ఉన్నాడు" కాదు "ఉండాడు", "ఎక్కడికి వెళ్తున్నావు" కాదు "యాడికి పోతాండావు". రచయిత మాటలన్నీ కోస్తా క్రియలతో రాసేసి చివర్లో పిలుపు అతికిస్తే "ఏమప్పా, ఎక్కడికి వెళ్తున్నావు రా అబ్బీ" లాంటి వాక్యం పుడుతుంది. అందులో అనంతపురం పిలుపు, కోస్తా క్రియ, కడప పిలుపు మూడూ ఉన్నాయి. అట్లా మాట్లాడే మనిషి ఏ ఊళ్ళోనూ ఉండడు. "గట్ల", "ఇగ" కూడా కలిస్తే తెలంగాణ కూడా వచ్చి చేరుతుంది. సీమ యాస అంతా ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు: ఆదోని, ఆలూరు వైపు కన్నడం కలుస్తుంది, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలుస్తుంది, కడప పలుకుబడి వేరు.

సమీక్షకుడు చేయాల్సింది సులువే. ఒక ఎపిసోడ్‌లో సీమ పాత్ర చెప్పిన పది వాక్యాలు విని రాసుకుని, క్రియలకు కింద గీత గీయాలి. తండ్రి "పోతాండా" అంటూ, అదే ఇంట్లో పుట్టి పెరిగిన కొడుకు "వెళ్తున్నా" అంటే దానికి కథలో కారణం ఉండాలి. హైదరాబాద్‌లో చదివాడనో మరొకటో. తర్వాత వస్తువుల పేర్లు. అనంతపురం రైతు నోట చెనక్కాయలో బుడ్డలో రావాలి గానీ "పల్లీలు" రాకూడదు. పొద్దున టిఫిన్‌కు ఉగ్గాని, బజ్జీ ఉండే ఊళ్ళో అందరూ ఇడ్లీ సాంబారే తింటుంటే, రాసినవాళ్ళు ఊరు చూడలేదని తెలిసిపోతుంది.

ఆపైన లోకజ్ఞానం. పనికోసం అనంతపురం కుర్రాడు ముందు చూసేది బెంగళూరు వైపు. కడప, రాయచోటి, రాజంపేట ఇళ్ళ నుంచి కువైట్ పోయినవాళ్ళు ఎందరో. ఈ దారులేవీ లేకుండా అందరూ కత్తులు పట్టుకుని తిరుగుతుంటే, అది సీమ కథ అనిపించుకోదు, సీమ పేరు పెట్టుకున్న కథ అంతే. 2022 ఏప్రిల్ 4 నుంచి పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లా కేంద్రం, నంద్యాల కూడా వేరే జిల్లా. ఇవాళ్టి కథలో పుట్టపర్తి ఎస్సై "మన అనంతపురం జిల్లా" అంటే అది రాసేయాల్సిన తప్పే.

అపోహ: సీరియళ్ళకు కూడా సెన్సార్ ఉంటుంది.

వాస్తవం: ప్రసారానికి ముందు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు సీరియళ్ళకు లేదు. ఏం ప్రసారం చేయకూడదో చెప్పే ప్రోగ్రాం కోడ్ ఉంది, ఫిర్యాదు వస్తే చూస్తారు. ఓటీటీకి 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు వర్గీకరణ చూపించాలి: యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ. వెబ్ సిరీస్ మీద రాసేటప్పుడు ఆ గుర్తును, దాని పక్కన ఉన్న కారణాన్ని రాస్తే, "పిల్లలతో చూడొచ్చా?" అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అపోహ: విడుదలకు ముందే చూడటానికి ప్రివ్యూ లింకు వచ్చిందంటే సమీక్షకుడు అమ్ముడుపోయినట్టే.

వాస్తవం: లింకు పని సరుకు. కొన్నిసార్లు మొదటి మూడు నాలుగు ఎపిసోడ్లే పంపుతారు, ఫలానా రోజు దాకా రాయొద్దంటారు. ఎన్ని చూసి రాశారో మొదటి పేరాలోనే చెప్పేస్తే చాలు. డబ్బు, బహుమతి, ప్రయాణ ఖర్చు తీసుకుంటే సంగతి వేరు: 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సోషల్ మీడియాలో ప్రచారం చేసేవాళ్ళు ఆ సంబంధాన్ని జనానికి కనబడేలా చెప్పాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచిపెట్టడం చెప్పినట్టు కాదు.

అపోహ: పది సెకన్ల లోపు క్లిప్ వాడితే కాపీరైట్ రాదు.

వాస్తవం: చట్టంలో సెకన్ల లెక్కే లేదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. న్యాయమా కాదా అన్నది ఎంత వాడారు, ఎందుకు వాడారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు మాట్లాడుతున్న షాట్‌నే చూపించండి, దాని మీద మీ మాట నడవాలి. సీన్ మొత్తం వేసి చివర్లో "సూపర్" అంటే అది సమీక్ష అనిపించుకోదు. టైటిల్ పాట, నేపథ్య సంగీతం వినబడేలా వదలొద్దు. వీడియో సైట్లలో యంత్రాలు ముందు పట్టుకునేది సంగీతాన్నే, ఆ హక్కులు చాలాసార్లు ఛానెల్ దగ్గర కాకుండా మ్యూజిక్ కంపెనీ దగ్గర ఉంటాయి. అభ్యంతరం వస్తే వీడియో తీసేయకుండా, ఏ షాట్ మీద ఏ విమర్శ చేశారో నిమిషం, సెకను రాసి జవాబు పంపండి.