పడకుండా ఆపిన మందే పడదోసింది

మూర్ఛలకు నిజంగా పనిచేసిన తొలి మందు బ్రోమైడ్. 1857లో లండన్‌లో జరిగిన ఒక వైద్యుల సభలో, విక్టోరియా రాణికి పురుళ్లు పోసిన సర్ చార్లెస్ లోకాక్ దాని సంగతి బయటపెట్టాడు. నెలసరి రోజుల్లో మూర్ఛలు వచ్చే స్త్రీలకు పొటాషియం బ్రోమైడ్ ఇస్తే తగ్గుతున్నాయన్నాడు. అది కామోద్రేకాన్ని అణచడం వల్లే గుణం కనిపిస్తోందని ఆయన నమ్మకం. కారణం తప్పు, మందు మాత్రం సరైనదే. అప్పటిదాకా ఏ దిక్కూ లేని రోగులకు అదెంత ఊరటో ఊహించుకోవచ్చు.

అసలు కారణం మెదడు కణాల్లో ఉంది. గాబా అనే రసాయనం తగలగానే కణం గోడలోని సన్నని దారులు తెరుచుకుంటాయి. వాటిగుండా, ఉప్పులో ఉండే క్లోరైడ్ లోపలికి వెళ్తే కణం ఉద్రేకం చల్లారుతుంది. బ్రోమైడ్ ఆ దారుల్లో క్లోరైడ్ కంటే సులువుగా దూరి, ఆ ఉద్రేకాన్ని ఇంకా చల్లారుస్తుంది.

చిక్కు మూత్రపిండాల దగ్గర వచ్చింది. అవి బ్రోమైడ్‌ను కూడా క్లోరైడ్‌లాగే తిరిగి రక్తంలోకి పీల్చుకుంటాయి. ఒంట్లో చేరినదాంట్లో సగం పోవడానికే సుమారు 12 రోజులు పడుతుంది. రోజూ వేసుకుంటుంటే వారాల తరబడి పేరుకుంటూ పోతుంది. ఉప్పు తగ్గించి తినేవాళ్లలో ఇంకా త్వరగా పేరుకుంటుంది. మొదట మగత, తర్వాత నడకలో తూలు, మాట తడబాటు, మతిమరుపు, ఒంటి మీద మొటిమల్లాంటి పొక్కులు, చివరికి లేనివి కనిపించడం. దీన్నే బ్రోమిజం అంటారు. మూర్ఛతో పడిపోకుండా మందు వేసుకున్న మనిషి ఆ మందు వల్లే తూలి పడేవాడు. నాకు ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ నిదానమే. మందు మొదలెట్టిన ఎన్నో రోజులకు తూలు వస్తే, దాన్ని మందుతో ముడిపెట్టాలని ఎవరికి తడుతుంది?

1912లో ఫినోబార్బిటాల్ అనే మరో మూర్ఛ మందు వచ్చాక బ్రోమైడ్ వెనకబడింది. అయినా నిద్రమందుల్లో, తలనొప్పి పొడుల్లో దశాబ్దాలపాటు మిగిలింది. కుక్కల మూర్ఛకు పశువైద్యులు నేటికీ వాడుతున్నారు.

బ్రోమిజం పూర్తిగా పోలేదు. చాట్‌బాట్‌ను సంప్రదించాక, వంట ఉప్పు మానేసి మూడు నెలలు సోడియం బ్రోమైడ్ తిన్న 60 ఏళ్ల వ్యక్తి ఆసుపత్రి పాలైన ఉదంతం 2025లో వైద్య పత్రికకెక్కింది. మన మందుల షాపుల్లో దొరికే కొన్ని దగ్గు సిరప్‌లలోని డెక్స్‌ట్రోమెథార్ఫన్ కూడా హైడ్రోబ్రోమైడ్ రూపంలోనే ఉంటుంది. చెప్పిన మోతాదులో భయం లేదు. సీసాలకు సీసాలు నెలల తరబడి తాగినవాళ్లలో మాత్రం బ్రోమిజం కనబడింది.

పట్టుకోవడానికి ఒక ఆధారముంది. చాలా ల్యాబ్ యంత్రాలు బ్రోమైడ్‌ను క్లోరైడ్‌గానే లెక్కేస్తాయి. అందుకని కారణం లేకుండా తూలుతున్న మనిషి రక్తపరీక్షలో క్లోరైడ్ విపరీతంగా కనిపిస్తే బ్రోమైడ్‌ను అనుమానించాలి. చికిత్స సెలైన్. మామూలు ఉప్పులోని క్లోరైడ్ ఎక్కువగా అందితే మూత్రపిండాలు బ్రోమైడ్‌ను వదిలేస్తాయి. మరీ ముదిరితే డయాలిసిస్ చేస్తారు.