బండి ఊరికే రేజ్ అవుతోందా? గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి

సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా ఇంజన్ గోల ఆగకపోతే, చాలామంది చెయ్యి నేరుగా కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే భాగం) పక్కనున్న ఐడ్లింగ్ స్క్రూ మీదికి పోతుంది. యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగమే ఐడ్లింగ్. వెనక్కి తిప్పగానే శబ్దం తగ్గుతుంది. మర్నాడు పొద్దున బండి స్టార్ట్ అయి ఆగిపోతుంది. మళ్లీ ముందుకు తిప్పుతారు. నా ఉద్దేశంలో ఆ స్క్రూను ముట్టుకోవాల్సింది అన్నిటికంటే చివర.

పెట్రోల్ ఇంజన్‌కు శక్తినిచ్చేది పెట్రోలే అయినా, దాని వేగాన్ని అదుపు చేసేది గాలి. డీజిల్ ఇంజన్‌లో ఇంధనాన్ని పెంచి తగ్గిస్తారు. మన బైకుల్లో మాత్రం యాక్సిలరేటర్ తిప్పితే కార్బురేటర్‌లోని స్లైడ్ పైకి లేచి గాలికి దారి ఇస్తుంది, ఆ గాలి పెట్రోల్‌ను లాక్కుపోతుంది. కాబట్టి ఐడ్లింగ్ ఎక్కువగా ఉందంటే, దాదాపు ఎప్పుడూ, ఇంజన్‌కు అందకూడని గాలి ఎటు నుంచో అందుతోందన్నమాట.

పాత స్ప్లెండర్‌నే తీసుకుందాం. ఇంజన్ 97.2 సీసీ, ఐడ్లింగ్ నిమిషానికి సుమారు 1400 చుట్లు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకోసారి, అంటే నిమిషానికి 700 సార్లు గాలి పీలుస్తుంది. ప్రతిసారీ సిలిండర్ నిండా పీలిస్తే 68 లీటర్లు కావాలి. స్లైడ్ దాదాపు మూసుకుని ఉంటుంది కనుక అందులో కొంత భాగమే దొరుకుతుంది. దాంతో కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న మానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలి కంటే బాగా పడిపోతుంది. అక్కడి ఓ-రింగ్ (అతుకులో గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు) గట్టిపడినా, రబ్బరు పగిలినా, బోల్టు వదులైనా బయటి గాలి లోపలికి దూసుకొస్తుంది. ఇంజన్ పీలుస్తున్నదే కొంచెం కాబట్టి, ఆ సన్నని సందులోంచి వచ్చేది కూడా పెద్ద వాటాయే. రోడ్డు మీద 60 వేగంతో పోతున్నప్పుడు అదే సందు లెక్కలోకే రాదు. బండి నడుస్తుంటే బాగుండి, నిలబడితేనే గోల చేయడానికి కారణం ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. పెట్రోల్ పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి కావాలి. ఐడ్లింగ్‌లో మిశ్రమం కాస్త పెట్రోల్ ఎక్కువయ్యేలా ఉంచుతారు. చిన్న సందు నుంచి వచ్చే గాలి ఆ ఎక్కువ పెట్రోల్‌ను కూడా మండించి వేగం పెంచుతుంది. సందు పెద్దదైతే పెట్రోల్ చాలక ఇంజన్ తడబడుతుంది. యాక్సిలరేటర్ వదిలాక వేగం వెంటనే పడిపోకుండా కాసేపు పైనే వేలాడుతోందంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని అనుమానించాలి.

వెతకడం ఖర్చులేని చోట మొదలుపెట్టాలి. చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి లాగేది) పూర్తిగా ఆఫ్‌లో ఉందా? గ్రిప్ తిప్పి వదిలితే టక్కున తనంతట తానే వెనక్కి వస్తోందా? గ్రిప్‌కు 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పినప్పుడు శబ్దం మారితే, యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుందనో, ఎక్కడో ఇరుక్కుందనో అర్థం. ఇవన్నీ బాగుంటే మానిఫోల్డ్ అతుకుల మీద కొద్దిగా నీళ్లు స్ప్రే చేయండి. సందు ఉంటే నీళ్లు దాన్ని క్షణం సేపు మూస్తాయి, ఇంజన్ చప్పుడు మారుతుంది. కొందరు ఇదే పని కార్బురేటర్ క్లీనర్‌తో చేస్తారు. పక్కనే కాలుతున్న సైలెన్సర్ ఉండగా మండే ద్రవం చల్లడం నాకు నచ్చని పని. ఏ పరీక్షైనా ఆరుబయటే చేయాలి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

సందేమీ దొరక్కపోతే, కార్బురేటర్‌లో ఐడ్లింగ్‌కు పెట్రోల్ అందించే పైలట్ జెట్‌ను చూడాలి. సన్నని రంధ్రంలో మురికి చేరితే ఐడ్లింగ్‌కు పెట్రోల్ చాలదు, బండి ఆగిపోతుంటుంది. ఆగకుండా ఉండాలని ఎవరో స్క్రూ బిగించి స్లైడ్‌ను కాస్త పైకి లేపి ఉంచుతారు. అసలు జబ్బు జెట్‌లో ఉంటే మందు స్క్రూకు వేసినట్టు. పెట్రోల్‌లో ఇథనాల్ పెరగడం కూడా పాత బండ్లకు కొంత ఇబ్బందే. ఇథనాల్‌కు 9 పాళ్ల గాలి చాలు, కార్బురేటర్‌కు ఆ తేడా తెలియదు, దాంతో గాలికి తగ్గ ఇంధనం అందదు.

చివరికి స్క్రూ తిప్పాల్సి వస్తే ఇంజన్ బాగా వేడెక్కాకే తిప్పండి. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి ఎక్కువ. అప్పుడు 1400కు పెడితే, పది కిలోమీటర్లు తిరిగొచ్చేసరికి బండి దానంతటదే రేజ్ అవుతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన బైకులు చాలావరకు కార్బురేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వీటిలో పొద్దున్నే ఐడ్లింగ్ ఎక్కువగా ఉండటం లోపం కాదు. ఉష్ణోగ్రత సెన్సర్ ఇంజన్ చల్లగా ఉందని చెబితే ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) తానే వేగం పెంచుతుంది, వేడెక్కాక తగ్గిస్తుంది. వేడెక్కినా తగ్గకపోతే గాలికి దారిచ్చే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఉండొచ్చు, సెన్సర్ తప్పు చెబుతుండొచ్చు, లేదా ఇక్కడా మానిఫోల్డ్ రబ్బరే పగిలి ఉండొచ్చు. మీటర్‌లో ఇంజన్ లైట్ వెలుగుతుంటే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, ముందు మెకానిక్ దగ్గర ఈసీయూలో నమోదైన లోపం కోడ్ చదివించండి.