పిల్ల పెళ్లి వెనుక లెక్కలు: సోషియాలజీ గురించి వినే అపోహలు, ఊళ్లలో కనిపించే వాస్తవాలు

నేను చదివింది సోషియాలజీ. ఊళ్లలో తిరిగి కుటుంబాలతో మాట్లాడటం నా పని. కొన్నేళ్లుగా ఎక్కువగా బాల్య వివాహాల మీదే పనిచేస్తున్నాను. ఈ సబ్జెక్టు గురించి చుట్టాల నుంచి ఆఫీసర్ల దాకా అందరి దగ్గరా ఒక అభిప్రాయం సిద్ధంగా ఉంటుంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలు మాత్రం "స్కోరింగ్ సబ్జెక్టు సార్" అంటారు. ఆ సంగతి వాళ్లకే వదిలేసి, మిగతావి చూద్దాం.

అపోహ: "ఇందులో పరిశోధించడానికి ఏముంది? చదువు లేదు, మూఢనమ్మకాలు. అంతేగా!"

వాస్తవం: కర్నూలు జిల్లా పడమటి మండలాలకు రండి. కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లలో పంట పనులు అయిపోగానే చాలా కుటుంబాలు సుగ్గికి పోతాయి. అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతలకు. నెలల తరబడి చేల పక్కన పరదాలు కట్టుకుని అక్కడే ఉంటారు. ఇంట్లో పద్నాలుగేళ్ల కూతురు ఉంటే ఏం చేయాలి? వెంట తీసుకెళ్తే బడి పోతుంది, పైగా ఆ పరదాల కింద ఆడపిల్లకు భద్రత ఉండదు. ఊళ్లో అవ్వ దగ్గర వదిలితే రోజూ టెన్షనే. మేనత్త కొడుకు ఎలాగూ ఉన్నాడు. మేనరికమైతే కట్నం పెద్దగా అడగరు, పిల్ల మనవాళ్ల ఇంట్లోనే ఉంటుంది. ఇంకో రెండేళ్లు చదివిస్తే అంతకంటే ఎక్కువ చదివిన వరుణ్ణి వెతకాలి, దానికి తగ్గట్టు కట్నం పెరుగుతుంది. ఊళ్లో బడి పదో తరగతి దాకానే ఉంటే, ఇంటర్‌కు బస్సెక్కి పోవాలి. ఆ బస్సు కూడా వేళకు రాదు.

ఆ తండ్రిని పద్దెనిమిదేళ్ల రూలు తెలుసా అని అడగండి. తెలుసనే అంటాడు. తెలుసు కాబట్టే శుభలేఖలు అచ్చు వేయించకుండా, తెల్లవారుజామున గుళ్లో పెళ్లి కానిచ్చేస్తాడు. ఒక్క తండ్రి ఇలా చేస్తే అతని స్వభావం అనుకోవచ్చు. ఒకే మండలంలో ఇంతమంది తండ్రులు ఒకే నిర్ణయానికి ఎందుకు వస్తున్నారన్నది సోషియాలజీ అడగాల్సిన ప్రశ్న. అవగాహన సదస్సులు పెట్టి చేతులు దులుపుకునేవాళ్లకు ఈ ప్రశ్న అంతగా నచ్చదు.

అపోహ: "చిన్న వయసులో పెళ్లయితే పిల్లలు ఎక్కువ మంది పుడతారు."

వాస్తవం: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు దేశం మొత్తం మీద 23.3 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. అదే సర్వేలో ఆంధ్రలో ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు 1.7 మాత్రమే. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. పశ్చిమ బెంగాల్‌లో బాల్య వివాహాలు 41.6 శాతం, పిల్లల సగటు 1.6.

కారణం ఆపరేషన్. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న వివాహితలు ఆంధ్రలో దాదాపు 70 శాతం. పెళ్లి త్వరగా, ఇద్దరు బిడ్డలు త్వరగా, ఆపరేషన్ త్వరగా. పాతికేళ్లకే అన్నీ అయిపోయి, ఆమె మళ్లీ కూలి పనికి పోతుంది. నా ఉద్దేశంలో, పెళ్లి వయసు జోలికి పోకుండానే ప్రభుత్వాలకు జనాభా లెక్క సరిపోయింది. అందుకే ఆ వయసు గురించి ఎవరికీ పెద్దగా తొందర లేకపోయింది.

అపోహ: "కేసులు తక్కువే ఉన్నాయి, అంటే సమస్య తగ్గినట్టే."

వాస్తవం: 2021లో బాల్య వివాహాల నిషేధ చట్టం కింద దేశమంతా నమోదైన కేసులు 1,050. పైన చెప్పిన 23.3 శాతం పక్కన ఈ అంకె పెట్టి చూడండి. 2023 ఫిబ్రవరిలో అసోం ప్రభుత్వం పాత పెళ్లిళ్లు కూడా తవ్వి వేలమందిని అరెస్టు చేసింది. ఆ ఏడాది కేసులు ఒక్కసారిగా పెరిగాయి. పెళ్లిళ్లు అలా పెరగలేదు. పోలీసు లెక్క ముందుగా చెప్పేది పోలీసులు ఏం చేశారో.

అపోహ: "సర్వే అంటే ఫారాలు నింపడం. ఇంటర్ పిల్లలైనా చేస్తారు."

వాస్తవం: "పెళ్లప్పుడు నీ వయసెంత?" అని సూటిగా అడిగితే అందరూ పద్దెనిమిదే అంటారు. పక్కన అత్త నిలబడి ఉంటే పంతొమ్మిది. ఆధార్‌లో చాలామంది పుట్టినరోజు జనవరి 1. బడిలో తేదీ మాస్టారు రాసుకున్నది. అందుకే మేం వయసు అడగం. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద వచ్చి కర్నూలు, మంత్రాలయం మునిగాయి. ఆ ప్రాంతంలో అది ఎవరూ మర్చిపోలేదు. "వరదప్పుడు ఎన్నో తరగతి చదువుతున్నావమ్మా?" అని మొదలుపెడతాం. ఏ తరగతిలో బడి మానేసింది, పెద్దమనిషి అయ్యాక ఎన్ని ఉగాదులు పుట్టింట్లో చేసుకుంది, పెళ్లయ్యాక ఎన్నిసార్లు సుగ్గికి పోయింది, పెద్దబిడ్డ ఇప్పుడు అంగన్‌వాడీనా, బడా. ఇవన్నీ ఒక గీత మీద పెట్టుకుంటే పెళ్లి ఏడాది దానంతటదే బయటపడుతుంది. నీళ్ల ట్యాంకు, రేషన్ కబుర్లతో మొదలుపెట్టి అక్కడికి చేరేసరికి గంట పడుతుంది. అత్తకు కబుర్లు చెబుతూ ఇంకొకరు పక్కన ఉంటే మరీ మంచిది.

మరో సంగతి. 20-24 ఏళ్లవాళ్లనే ఎందుకు లెక్కిస్తారు? పదహారేళ్ల పిల్లకు ఇంకా పెళ్లి కాలేదంటే వచ్చే ఏడాది కావచ్చు కాబట్టి. అందువల్ల ఈ అంకె ఎప్పుడూ కొన్నేళ్ల కిందటి పెళ్లిళ్లనే చూపిస్తుంది. నిన్న మొన్న వచ్చిన పథకం ఫలితాన్ని ఇందులో వెతికేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

అపోహ: "సెల్‌ఫోన్లు వచ్చాకే ఇదంతా. పిల్లలు చెడిపోతున్నారని తల్లిదండ్రులు తొందరపడుతున్నారు."

వాస్తవం: 2005-06లో దేశంలో ఇదే లెక్క 47.4 శాతం. ఫోన్లు ఇంటింటికీ వచ్చిన కాలంలోనే అది సగానికి పడిపోయింది. అయితే ఆ భయాన్ని కొట్టిపారేయలేం. "లేచిపోతుందేమో" అన్న మాట దాదాపు ప్రతి ఇంట్లో వింటాను. జనం చెప్పిన కారణాన్ని రాసుకోవాలి. దాన్నే సంజాయిషీగా ఒప్పేసుకుంటే మాత్రం మన పని సగంలో ఆగినట్టే.

నిజంగానే ఇష్టపడి వెళ్లిపోయే పదిహేడేళ్ల అమ్మాయిలూ ఉన్నారు. అబ్బాయిది వేరే కులమైతే కిడ్నాప్, పోక్సో కేసులు పడతాయి. పెద్దకూతురికి పదిహేనేళ్లకే పెళ్లి చేసిన ఇంట్లోవాళ్లే చిన్నకూతురి విషయంలో మైనర్ అని స్టేషన్‌కు పోవడం చూశాను.

అపోహ: "సోషియాలజిస్టంటే సోషల్ వర్కరే."

వాస్తవం: కాదు. ఊళ్లో మాత్రం "పింఛను రాసుకుంటారా సార్?" అనే అడుగుతారు. రాయనని ముందే చెప్పకపోతే జవాబులన్నీ పింఛనుకు తగ్గట్టు వస్తాయి. ఇంకో చిక్కు ఉంది. వచ్చే వారం పెళ్లి అని మాటల్లో తెలిస్తే ఊరుకోలేం, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. చెప్పాక ఆ వీధిలో మనతో ఎవరూ మాట్లాడరు. దీనికి పుస్తకాల్లో పరిష్కారం లేదు.

అపోహ: "చట్టం గట్టిగా ఉంటే చాలు."

వాస్తవం: 1929లో శారదా చట్టం ఆడపిల్లల పెళ్లి వయసును 14గా పెట్టింది. 1978లో 18 అయింది. 2006లో కొత్త చట్టం వచ్చింది. 21కి పెంచుతామంటూ 2021లో బిల్లు పెట్టారు, అది మురిగిపోయింది. తెలంగాణలో కల్యాణలక్ష్మి డబ్బు రావాలంటే పెళ్లికూతురికి పద్దెనిమిది నిండాలి. ఆ డబ్బు కోసం ఆగిన కుటుంబాలను చూశాను, ముందు పెళ్లి చేసి దరఖాస్తు తర్వాత పెట్టినవాళ్లనూ చూశాను. ఎలా చూసినా ఆ డబ్బు పెళ్లికే, చదువుకు కాదు.

ఇక "మరి ఏం చేయమంటారు?" అని అడిగేవాళ్లకు నా జవాబు చాలా చిన్నది. సుగ్గికి పోయే పల్లెల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు, కానీ అవి ప్రధానంగా బడి వయసు పిల్లల కోసం. వాటిని టెన్త్ దాటిన ఆడపిల్లలకూ తెరవండి, కుటుంబాలు తిరిగొచ్చేదాకా మూయకండి. ఇంటర్ కాలేజీకి పొద్దున, సాయంత్రం వేళకు బస్సు వేయండి.