పెన్ను మనది, పాళీ ఎవరిది?

చేత్తో లేత్ (వస్తువును తిప్పుతూ చెక్కే మిషన్) మీద తిప్పి చేసిన ఫౌంటెన్ పెన్నులకు ఈమధ్య మళ్లీ గిరాకీ పెరిగింది. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు, గేదె కొమ్ము, వెదురు, గంధపు చెక్క, ఇత్తడి... ఫొటోలు చూస్తుంటే చూపు తిప్పుకోబుద్ధి కాదు. కానీ తయారీ వివరాలు చదివితే చాలావాటిలో పాళీ జర్మనీదే. బెర్లిన్ జోవో కంపెనీదో, హైడెల్‌బర్గ్ బాక్ కంపెనీదో. ఒళ్లంతా ఇక్కడ చేసి, కాగితాన్ని తాకే ముక్క మాత్రం బయట కొనుక్కుంటే దాన్ని స్వదేశీ పెన్ను అనొచ్చా, అసలు చేతిపని అనొచ్చా అని పెన్నులంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎప్పుడూ వాదించుకుంటూనే ఉంటారు. ఇది కొత్త గొడవేం కాదు. తొంభై ఏళ్ల కిందటే రాజమండ్రిలో ఒక స్వర్ణకారుడికి ఇదే ప్రశ్న ఎదురైంది, అదీ గాంధీజీ నుంచి.

ఆయన పేరు కోసూరి వెంకటరత్నం. 1921లో గాంధీజీని కలిసినప్పుడు, నీ చేతిపనితనంతో మామూలు జనానికి పనికొచ్చే వస్తువు ఏదైనా చెయ్యమని ఆయన అన్నారని రత్నం కుటుంబం చెబుతూ వచ్చింది. అప్పట్లో మన దగ్గర వకీళ్ల జేబుల్లో, గుమాస్తాల చేతుల్లో ఉన్నవన్నీ వాటర్‌మన్, స్వాన్, బ్లాక్‌బర్డ్ లాంటి సీమ పెన్నులే. రత్నం 1932లో పెన్నుల పని మొదలుపెట్టారు. మొదట పంపిన పెన్ను గాంధీజీ ఒప్పుకోలేదట, అందులో విదేశీ భాగాలున్నాయని. ఊరికే మెచ్చేసుకుని జేబులో పెట్టుకుని ఉంటే మన పెన్నుల కథ ఇంకోలా ఉండేదని నా నమ్మకం. రత్నం మళ్లీ మొదటికొచ్చి, పాళీతో సహా తన చేత్తోనే తయారుచేశారు. బంగారం పని తెలిసిన మనిషి కాబట్టి పల్చటి రేకు కొట్టడం, వంచడం, మధ్యలో సన్నగా చీలిక పెట్టడం ఆయనకు చేతనైంది. ఆ పెన్నును అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం తరఫున జె.సి. కుమారప్ప గాంధీజీకి చేర్చారు. 1935 జులై 16న గాంధీజీ ఉత్తరం రాశారు. పెన్ను వాడి చూశానని, బజార్లో కనిపించే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయంగా ఉందని దాని సారాంశం.

అదే రోజుల్లో బెంగాల్లో స్వదేశీ ఇంకు కోసం కూడా ప్రయత్నం జరిగింది. మైత్రా సోదరులు 1934లో రాజ్‌షాహీలో సులేఖా ఇంకు మొదలుపెట్టారు. అంటే ఒళ్లు, పాళీ, ఇంకు మూడూ ఇక్కడే తయారవ్వాలన్న పట్టుదల అప్పుడే ఉంది.

ఇక ఎబొనైట్ సంగతి. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి గంటల తరబడి వేడిచేస్తే గట్టిపడి కొమ్ములాంటి పదార్థం అవుతుంది. అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1884లో వాటర్‌మన్ ఫీడ్‌కి, అంటే పాళీ కిందుండి ఇంకు సాఫీగా దింపే ముక్కకి పేటెంటు తీసుకున్నాక నలభై ఏళ్లపాటు పెన్ను అంటే ఎబొనైటే. పార్కర్ కంపెనీ పేరు మోగించిన ఎర్ర డ్యూఫోల్డ్ పెన్ను 1921లో వచ్చినప్పుడు అదీ ఈ గట్టి రబ్బరుతో చేసిందే. 1924లో షేఫర్ కంపెనీ సెల్యులాయిడ్ అనే తొలితరం ప్లాస్టిక్‌కి మారింది, రెండేళ్లకు పార్కర్ కూడా అదే దారి పట్టింది, ఆ తర్వాత అచ్చులో పోసే ప్లాస్టిక్ వచ్చి లేత్ పనినే పక్కకు నెట్టేసింది. అక్కడ పాతబడిన పదార్థం ఇక్కడ బతికింది. ఎందుకంటే అచ్చులు, ఇంజెక్షన్ మిషన్లు కొనాలంటే పెట్టుబడి కావాలి, కడ్డీ తెచ్చుకుని తిప్పడానికి ఒక చిన్న లేత్, ఒక మనిషి చాలు.

ఆ పని దగ్గరగా చూస్తే ఎంత ఓపికో తెలుస్తుంది. కడ్డీని పొడవుకు కోసి, లోపల డ్రిల్ చేసి, బయట ఉలితో తిప్పుతారు. చెక్కు సన్నటి దారంలా చుట్టలు చుట్టలుగా ఊడివస్తుంది, గంధకం వాసన గది నిండా పరుచుకుంటుంది. తర్వాత మరలు, అంటే మూత తిప్పి బిగించడానికి తీసే గాడులు. పళ్లున్న ఉలిని చేత్తోనే పట్టుకుని, తిరుగుతున్న గొట్టానికి ఆనించి, అది తిరిగే వేగానికి సరిగ్గా చెయ్యి జరుపుతూ పోవాలి. కాస్త తొందరపడ్డా, కాస్త ఆలస్యమైనా మర తెగిపోయి ఆ ముక్క పనికిరాదు. మూతలోపలి మర ఇంకా కష్టం, ఉలి మొన కంటికి కనపడదు, చేతికి తగిలే అదురును బట్టే తెలుసుకోవాలి. ఆ తర్వాత ఎమరీ కాగితం ముతక నుంచి నున్నటి దాకా, చివర బఫింగ్. ఇంకు నేరుగా ఒంట్లోనే పోస్తారు కాబట్టి మరలు బిగువుగా లేకపోతే చొక్కా జేబు సంగతి చెప్పనక్కర్లేదు.

స్వాతంత్ర్యం తర్వాత దిగుమతుల మీద గట్టి ఆంక్షలు రావడంతో ఇలాంటి వర్క్‌షాపులు నిలదొక్కుకున్నాయి. రాజమండ్రిలోనే గైడర్, మద్రాసులో గామా, తిరువళ్లూరులో రంగా. హైదరాబాద్ అబిడ్స్‌లో 1928 నాటి దక్కన్ పెన్ స్టోర్స్ తన పేరు మీదే ఎబొనైట్ పెన్నులు అమ్మింది. తర్వాత బాల్ పెన్ వచ్చింది. ఎనభైల్లో రెనాల్డ్స్ బడి పిల్లల చేతుల్లోకి వచ్చాక ఇంకు బుడ్డి, ఫిల్లర్, మరకల టెన్షన్ ఎవరికీ అక్కర్లేకపోయింది. లేత్ మీద పిల్లలను కూర్చోబెట్టడానికి తండ్రులే ఇష్టపడలేదు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా పెద్ద నష్టం అక్కడ జరిగింది. మరల పని అయినా కొంతమంది చేతుల్లో మిగిలింది, పాళీ పని చాలాచోట్ల పూర్తిగా ఆగిపోయింది.

మళ్లీ గిరాకీ తెచ్చింది విదేశాల్లోని సేకరణదారులు, వాళ్లకు నచ్చేది అరుదైన పదార్థం. ఆ మోజు పెంచడంలో పెద్ద కంపెనీల పాత్రా ఉంది. 1715లో ఫ్లోరిడా తీరంలో మునిగిన స్పానిష్ ఓడల నుంచి తీసిన వెండితో పార్కర్ 1965లో 4,821 పెన్నులు చేసి అమ్మింది. ఇటలీలో విస్కోంటి ఎట్నా అగ్నిపర్వతపు లావా పొడిని రెజిన్‌లో (పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) కలిపి పెన్నులు చేసింది. ఇంటి గరాజుల్లో లేత్ పెట్టుకున్నవాళ్లయితే మొక్కజొన్న కంకి, పైన్ కాయ, కాఫీ గింజలు కూడా వదల్లేదు, రెజిన్‌లో పోసి గట్టిపరిచి తిప్పేస్తున్నారు. చూడముచ్చటగా ఉంటాయి, నేనేం కాదనను. కానీ ప్రతి పదార్థానికీ ఓ పేచీ ఉంటుంది. కొమ్ము గాలిలో తేమను బట్టి ముడుచుకుంటుంది, ఒక్కోసారి పగులుతుంది. చెక్క ఇంకు పీలుస్తుంది కాబట్టి లోపల ఇంకో గొట్టం పెట్టాలి. పాలనుంచి తీసే కేసీన్ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. సెల్యులాయిడ్‌కి నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. ఎబొనైట్‌కి ఎండ పడదు, ఏళ్లు గడిస్తే నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. అయినా వేడి త్వరగా ఎక్కదు, చేతికి చల్లగా తగలదు, పాళీ కింద ఫీడ్‌కి ఇంతకు మించింది ఇంకా దొరకలేదనే చాలామంది పనివాళ్ల మాట. ఇంకు దాన్ని పట్టుకుని దిగుతుంది. వేడినీళ్లలో ముంచి తీస్తే కాస్త మెత్తబడుతుంది, అప్పుడు పాళీ వంపుకు సరిగ్గా అతికేలా వేలితో నొక్కి కూర్చోబెట్టొచ్చు.

జపాన్‌ని చూస్తే మన లోటు ఎక్కడో తెలుస్తుంది. సైలర్ 1911లో, పైలట్ 1918లో, ప్లాటినం 1919లో మొదలయ్యాయి, మూడూ ఈరోజుకీ పాళీ సొంతంగా చేసుకుంటాయి. ప్లాటినంలో పనిచేసిన పాత పనివాళ్లతో మొదలైన నకాయా ఎబొనైట్‌ని లేత్ మీద తిప్పి, చెట్టు పాలతో చేసే ఉరుషి పూతలు పూసి, పాళీ మాత్రం ప్లాటినందే వాడుతుంది. అక్కడ ఒళ్లు, పాళీ రెండు పనులూ విడిపోలేదు. మన దగ్గర విడిపోయాయి.

జర్మనీ పాళీ కొనడం తప్పని నేను అనను. నాణ్యత ఒకే తీరుగా ఉంటుంది, వేల రూపాయలు పోసి కొన్నవాడికి మొదటి గీతకే ఇంకు రావాలి కదా, చిన్న వర్క్‌షాపు ఆ రిస్కు ఎందుకు తీసుకుంటుంది? నోయిడాలో కాన్‌రైట్ వాళ్లు స్టీలు పాళీలు, ఎబొనైట్ ఫీడ్‌లు చేస్తున్నారు, దేశంలో ఆ పని పూర్తిగా పోలేదని దాన్నిబట్టే తెలుస్తుంది. నాకు అభ్యంతరమల్లా చేతిపని అనే ఒక్క మాట కింద అన్నీ కలిపి అమ్మేయడం మీదే. కిట్ కొనుక్కుని ఇత్తడి గొట్టం మీద చెక్క అతికించి తిప్పింది, కడ్డీ నుంచి మరల దాకా చేత్తో తీసింది, పాళీ కూడా సొంతంగా కొట్టింది, ఈ మూడింటికీ పడే కష్టం వేరు, ధర వేరుగా ఉండాలి. కడ్డీ ఎక్కడిది, మరలు చేత్తో తీసినవా, ఫీడ్ ఎవరు కోశారు, పాళీ ఎవరిది, ఈ నాలుగు సంగతులు పెట్టె మీద విడివిడిగా రాయమని కొనేవాళ్లం అడగాలి. అలా రాస్తే ఇప్పటికీ పాళీతో కుస్తీపడుతున్న కొద్దిమందికి న్యాయమైన ధర అడిగే వీలుంటుంది.