పెరట్లో గునుగు: అపోహలు - వాస్తవాలు

బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. కలుపు మందు కొట్టిన చేలల్లో అది మిగలదు. పోనీ పెరట్లో వేద్దామంటే కొందరికి మొలకే రాదు, కొందరికి పండగ దాటాక పూస్తుంది. తప్పు విత్తనానిది కాదు, ఎక్కువసార్లు ఈ నమ్మకాలదే.

అపోహ: అడవిపువ్వే కదా, చల్లితే అదే మొలుస్తుంది.

వాస్తవం: గునుగు అడవి కన్నా దున్నిన నేలనే ఇష్టపడుతుంది. గరిక, తుంగ అల్లుకున్న చోట చల్లితే మొలక ఎండ తగలక చస్తుంది. మొదటి వానకు మడి తవ్వి చదును చేసి, పది పదిహేను రోజులు వదిలేయండి. మొలిచిన కలుపును పైపైన, రెండు సెంటీమీటర్ల లోతు దాటకుండా చెక్కేయండి. లోతుగా తవ్వితే కింది కలుపు గింజలు మళ్లీ పైకొస్తాయి. ఆ తర్వాతే విత్తాలి.

వెదజల్లకుండా 30 సెంటీమీటర్ల ఎడంతో సాళ్లలో వేయండి. గునుగుదీ తోటకూరదీ ఒకటే కుటుంబం, రెండాకుల దశలో పోల్చుకోవడం కష్టం. సాళ్లలో ఉంటే, వరస తప్పి మొలిచిందంతా కలుపేనని పీకేయొచ్చు. చదరపు మీటరుకు అర గ్రాము గింజలు ఎక్కువే. పదింతల పొడి ఇసుకలో కలిపితే సమంగా పడతాయి. మొక్కలు జానెడు ఎత్తుకు రాకముందే పలచన చేసి, 25 సెంటీమీటర్లకు ఒకటి ఉంచండి. పీకిన లేత మొక్కల్ని పారేయొద్దు, గునుగాకు పప్పులోకి బాగుంటుంది.

అపోహ: గింజ లోతుగా పడితేనే వేరు గట్టిగా పట్టుకుంటుంది.

వాస్తవం: ఆవగింజ కన్నా చిన్న గింజ అది. రెండు మూడు మిల్లీమీటర్ల మట్టి చాలు. నల్లరేగడిలో వాన వెలిశాక పైపొర గట్టిపడి మొలకను ఆపేస్తుంది, అక్కడ మట్టికి బదులు ఇసుక కప్పండి. కప్పాక చెక్కతో అదమాలి. అదమకపోతే మొదటి జల్లుకే గింజలన్నీ పల్లానికి కొట్టుకుపోయి ఒకేచోట గుంపుగా మొలుస్తాయి. తడి ఆరకుండా చూస్తే వారం పది రోజుల్లో మొలక వస్తుంది. కొన్ని విదేశీ పూల గింజల్లా విత్తే ముందు ఫ్రిజ్‌లో పెట్టే పని లేదు.

అపోహ: తొలకరి పడగానే వేస్తే పండగకు సరిగ్గా పూస్తుంది.

వాస్తవం: తొలకరి ఏటా ఇంచుమించు ఒకే సమయానికి వస్తుంది, పండగ మాత్రం తిథిని బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతుంది. 2023లో పండగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 14న వస్తే, 2025లో సెప్టెంబరు 21నే వచ్చింది. విత్తాక కంకి బాగా సాగడానికి సుమారు మూడు నెలలు పడుతుంది కాబట్టి పండగ నుంచి వెనక్కి 90 రోజులు లెక్కపెట్టాలి. 2025 లాంటి ఏడాది ఆరుద్ర కార్తె మొదట్లో (జూన్ నాలుగో వారం), 2023 లాంటి ఏడాది పునర్వసు కార్తెలో (జూలై మధ్యలో) విత్తడం సరైన అదును. పొద్దు తగ్గేకొద్దీ గునుగు త్వరగా పూతకు వస్తుంది. అందుకే మరీ ఆలస్యంగా వేస్తే మొక్క ఎదగకుండానే పొట్టి కంకి తీస్తుంది. వాన నమ్మకం లేకపోతే సగం మడి అదునుకు, సగం పదిహేను రోజుల తర్వాత వేయడం మేలు.

అపోహ: ఎరువు ఎంత వేస్తే అన్ని పూలు.

వాస్తవం: చదరపు మీటరుకు రెండు కిలోల బాగా చివికిన పశువుల ఎరువు చాలు. యూరియా అసలు వద్దు. వేస్తే ఆకు విరగబడి, కాడ మెత్తబడి, గాలివానకు పడిపోతుంది, పూత వెనక్కి పోతుంది.

అపోహ: కొన తుంచితే పూయదు.

వాస్తవం: జానెడు ఎత్తులో తుంచితే పక్క కొమ్మలు వచ్చి కంకులు ఎక్కువవుతాయి, కాకపోతే కాస్త చిన్నవి. పొడుగు కంకులే కావాలంటే తుంచకండి. పండగకు నెలన్నర లోపు మాత్రం ఎవరూ తుంచొద్దు.

అపోహ: నారు ఎంత ముదిరితే అంత బాగా బతుకుతుంది.

వాస్తవం: నాలుగు నుంచి ఆరు ఆకుల మధ్యే నాటాలి. సంచిలో వేర్లు చుట్టుకున్న నారు నాటిన చోటే గిడసబారి, ముందే పూస్తుంది. మొదలు నల్లబడి మొలకలు వాలిపోతుంటే నీళ్లు నిలుస్తున్నాయని అర్థం. అరడుగు ఎత్తు మడి చేసి, పొద్దున పూట మొక్క మొదట్లోనే నీళ్లు పోయండి. అప్పటికే కుళ్లు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి. మందు పోసిన మడి ఆకును కూరకు కోయొద్దు.

అపోహ: పండగకు కోసిన కంకుల నుంచే వచ్చే ఏటి విత్తనం తీయొచ్చు.

వాస్తవం: అప్పటికి చాలా గింజలు ముదరవు. కంకి కింది నుంచి పైకి పూస్తుంది. కింది సగం వెండిరంగుకు తిరిగి, నలిపితే నల్లగా మెరిసే గింజ రాలినప్పుడు కోయాలి. అందుకు మూడు నాలుగు మొక్కల్ని ముట్టకుండా వదలండి. నీడన కాగితం మీద ఆరబెట్టి, చెరిగి, కాగితపు కవరులో దాచండి. మిగతా కంకుల్ని గింజ రాలకముందే కోసేయండి, ముఖ్యంగా పక్కన ఎవరిదైనా జొన్న చేనో పల్లీ చేనో ఉంటే. వాళ్లకు అది కలుపే.