తెలియదన్న మాటలోంచి తేలిన పుట్టినరోజు

షెరిల్ పుట్టినరోజు ఎప్పుడు? 2015 ఏప్రిల్‌లో సింగపూర్‌లో పిల్లలకు పెట్టిన ఒక గణిత ఒలింపియాడ్‌లోని ప్రశ్న ఇది. కెన్నెత్ కాంగ్ అనే టీవీ వ్యాఖ్యాత దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టారు. కొద్ది రోజుల్లోనే ప్రపంచమంతా కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంది.

షెరిల్ తన స్నేహితులు ఆల్బర్ట్, బెర్నార్డ్‌లకి పది తేదీలు చూపించి, వాటిలో ఒకటి తన పుట్టినరోజు అంది: మే 15, 16, 19, జూన్ 17, 18, జూలై 14, 16, ఆగస్టు 14, 15, 17. తర్వాత ఆల్బర్ట్‌కి నెల మాత్రమే, బెర్నార్డ్‌కి తారీఖు అంకె మాత్రమే విడివిడిగా చెప్పింది.

ఆల్బర్ట్: "నాకు తెలియదు. కానీ బెర్నార్డ్‌కి కూడా తెలియదని నాకు తెలుసు."

బెర్నార్డ్: "మొదట నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది."

ఆల్బర్ట్: "అయితే నాకూ తెలిసింది."

ఈ మాటల్లో ఎక్కడా ఒక్క అంకె లేదు, నెల పేరు లేదు. అయినా పక్కన నిలబడి విన్న మనకు జవాబు దొరుకుతుంది. ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

ఆల్బర్ట్ మొదట "నాకు తెలియదు" అన్నదాంట్లో కొత్త విషయమేమీ లేదు. ఏ నెలకైనా కనీసం రెండు తేదీలున్నాయి, అతనికి ఎలాగూ తెలియదు. బరువంతా రెండో వాక్యంలో ఉంది. 18, 19 పట్టికలో ఒక్కోసారే వస్తాయి. బెర్నార్డ్ చెవిన పడింది 18 అయితే జూన్ అని, 19 అయితే మే అని వెంటనే చెప్పేసేవాడు. అలా జరిగే వీలే లేదని ఆల్బర్ట్ అంత ధీమాగా అన్నాడంటే అతని నెల మే కాదు, జూన్ కాదు. ఆ ఒక్క వాక్యంతో పదిలో ఐదు తేదీలు పోయాయి.

మిగిలినవి జూలై 14, 16. ఆగస్టు 14, 15, 17. ఇప్పుడు తెలిసింది అంటున్నాడు కాబట్టి బెర్నార్డ్ దగ్గర ఉన్నది 14 కాదు, అది రెండు నెలల్లోనూ ఉంది. ఆఖరికి ఆల్బర్ట్‌కి కూడా తెలిసింది. అతని నెల ఆగస్టయితే 15, 17 మధ్య ఊగిసలాడేవాడు. కనుక జూలై 16.

అప్పట్లో చాలామంది ఆగస్టు 17 అని వాదించారు. బెర్నార్డ్‌కి తెలియదన్న సంగతిని వాళ్లు ఎవరో బయటినుంచి అందించిన సమాచారంలా తీసుకుని, మొదట మే 19, జూన్ 18 మాత్రమే కొట్టేశారు. అప్పుడు జూన్‌లో 17 ఒక్కటే మిగులుతుంది, ఆల్బర్ట్‌కి తెలియదు కనుక అదీ పోతుంది, 17 ఆగస్టులో మాత్రమే ఉంటుంది. కానీ ఆల్బర్ట్‌కి ఎవరూ చెప్పలేదు. తన నెలను చూసుకుని, బెర్నార్డ్ బుర్రలో ఏముండగలదో తానే లెక్కగట్టాడు. తెలియకపోవడం వేరు, తెలియదని ఎదుటివాడికి తెలిసి ఉండటం వేరు. ఒక సంగతి అందరికీ తెలుసు, అలా తెలుసన్నదీ అందరికీ తెలుసు, ఇలా అంతులేకుండా సాగే స్థితిని 1976లో రాబర్ట్ ఆమన్ అనే గణిత శాస్త్రవేత్త గణిత భాషలో నిర్వచించారు. ఎదుటివాళ్లు ఏం చేస్తారో ఊహించి తీసుకునే నిర్ణయాలను లెక్కగట్టే ఆటల సిద్ధాంతంలో (గేమ్ థియరీ) చేసిన కృషికి ఆయనకు 2005లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఈ తేడా ఎంత పెద్దదో చూడాలంటే సంభాషణను కాస్త మార్చండి. జూలై 16నే ఉంచి, ఇద్దరూ వంతులవారీగా ఉత్త "నాకు తెలియదు" మాత్రమే అంటున్నారనుకుందాం. ఆల్బర్ట్ అన్నప్పుడు ఏదీ పోదు. బెర్నార్డ్ అనగానే 18, 19 పోతాయి. ఆల్బర్ట్ మళ్లీ అంటే జూన్ 17 పోతుంది. బెర్నార్డ్ మళ్లీ అంటే ఆగస్టు 17 పోతుంది. మే 15, 16. జూలై 14, 16. ఆగస్టు 14, 15 మిగులుతాయి. ఇప్పుడు ప్రతి నెలకీ రెండు తారీఖులు, ప్రతి తారీఖుకీ రెండు నెలలు. ఇక తెల్లవార్లూ తెలియదని చెప్పుకున్నా ఒక్క తేదీ కూడా పోదు.